ఎంఎస్‌డబ్ల్యూ సీటు తీసుకునే ముందు ఫీల్డ్ వర్క్ గురించి అడగండి

పీజీ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ గురించి రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "హెచ్‌ఆర్ జాబ్ వస్తుందా?" అని పిల్లలు అడుగుతారు. "నలుగురికి సాయం చెయ్యడానికి మళ్లీ పీజీ ఎందుకు?" అని పెద్దవాళ్లు అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒకే పట్టా పుచ్చుకుని ఒకరు మందుల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ అవుతారు. ఒకరు ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా కూర్చుంటారు. ఇంకొకరు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో పనిచేస్తారు. మరొకరు ఏదో కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులతో ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు పెట్టిస్తుంటారు. ఇన్ని పనులు ఒకే చదువులోకి ఎలా వచ్చాయో తెలియకపోతే ఈ డిగ్రీ అయోమయంగానే కనిపిస్తుంది.

దీని మూలం బొంబాయిలో ఉంది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1926లో అక్కడి నాగ్‌పాడా పేటలో నైబర్‌హుడ్ హౌస్ అనే సంస్థను మొదలుపెట్టారు. చుట్టూ ఇరుకు గదుల్లో బతికే కార్మిక కుటుంబాలు. మంచి మనసుతో వచ్చేవాళ్లు ఎందరున్నా, తర్ఫీదు లేకుండా ఈ పని నిలబడదని ఆ అనుభవంలో తేలింది. టాటా ట్రస్టు సాయంతో 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ పుట్టింది. మన దేశంలో సోషల్ వర్క్‌కు అదే మొదటి కాలేజీ. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారింది. ఇవాళ అందరూ టిస్ అనేది దాన్నే.

ఆ తర్వాత పదేళ్లలో రెండు సంగతులు జరిగాయి. 1946లో బొంబాయి జేజే ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ పోస్టు వచ్చింది. 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చి, 500 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 49వ సెక్షన్‌లో రాసింది. ఆ పోస్టుల్లో కూర్చోవడానికి చదువుకున్న మనుషులు కావాలి కదా. అందుకే కార్మిక సంక్షేమం, పర్సనల్ మేనేజ్‌మెంట్ సోషల్ వర్క్ చదువులో భాగమయ్యాయి. హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ ఇందులోకి ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు అదే. అది తర్వాత ఎవరో అతికించింది కాదు, దాదాపు మొదటి నుంచీ ఉంది. ఈ వృత్తిలో చాలా పోస్టులు ఇలా చట్టంలో ఒక వాక్యం వల్ల పుట్టినవే. ఈ సంగతి గుర్తుంటే స్పెషలైజేషన్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

మన తెలుగువాళ్లకు సేవాసంస్థలు కొత్త కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలూ ఆవిడే. అంతటి మనుషులు ఎంఎస్‌డబ్ల్యూ చదవకుండానే అంత పని చేశారు కదా అని కొందరంటారు. నిజమే. కానీ జిల్లాకో ఆసుపత్రి, ఒక కోర్టు, పిల్లల హోమ్ ఉన్నప్పుడు, అన్నిచోట్లా దుర్గాబాయి లాంటి వ్యక్తి దొరకరు. మామూలు మనిషికి పద్ధతి నేర్పి, తప్పు చేస్తే సరిదిద్దే ఏర్పాటు ఉండాలి. ఎంఎస్‌డబ్ల్యూ ఆ ఏర్పాటు.

సిలబస్ ఏ యూనివర్సిటీదైనా అస్థిపంజరం ఒకటే. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఒక మనిషితో లేదా ఒక కుటుంబంతో పనిచేసే కేస్ వర్క్, ఒకేలాంటి ఇబ్బంది ఉన్న కొందరిని కూర్చోబెట్టి చేసే గ్రూప్ వర్క్, బస్తీతోనో ఊరితోనో చేసే కమ్యూనిటీ ఆర్గనైజేషన్. వీటితోపాటు సంక్షేమ పాలన, సోషల్ యాక్షన్, రీసెర్చ్, కొంచెం సైకాలజీ, కొంచెం సోషియాలజీ, చట్టాలు. చివర్లో డిసర్టేషన్, అంటే సొంతంగా చేసి రాసే పరిశోధన. ఇవన్నీ నోట్స్ చదివి పాసవ్వచ్చు, చాలామంది అలాగే అవుతున్నారు. చదివి పాసవ్వలేనిది ఫీల్డ్ వర్క్ ఒక్కటే. చాలా కాలేజీల్లో వారానికి రెండు రోజులు స్టూడెంట్ ఏదో ఒక ఏజెన్సీకి, అంటే ఆసుపత్రికో, హోమ్‌కో, ఎన్జీవోకో, బస్తీకో వెళ్లాలి. వెళ్లి వచ్చాక ఏం జరిగిందో రికార్డ్ రాయాలి. దాన్ని సూపర్‌వైజర్ చదివి, స్టూడెంట్‌ని ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. దీన్ని ఐసీ అంటారు, ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్. నా దృష్టిలో ఈ డిగ్రీ విలువంతా ఆ ఐసీలోనే తేలుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు. టీబీ కేసులతో పనిచేసినవాళ్లందరికీ ఏదో ఒక రూపంలో ఎదురయ్యేదే. అడ్డా మీద కూలికి వెళ్లే ఒకాయన టీబీ మందులు మధ్యలో మానేశాడు. స్టూడెంట్ ఇంటికెళ్లి మాట్లాడి వచ్చి రికార్డ్‌లో ఇలా రాసింది: "మందులు క్రమం తప్పకుండా వాడాలని క్లయింట్‌కు అవగాహన కల్పించాను. క్లయింట్ అంగీకరించాడు." సూపర్‌వైజర్ ఆ రెండు వాక్యాల కింద ఎర్రసిరాతో గీత గీసి పక్కన రాశారు: "ఆయన ఏమన్నాడు? ఆయన మాటల్లోనే రాయి. మందులు ఎందుకు మానేశాడు?"

స్టూడెంట్ దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అడగలేదు, చెప్పి వచ్చింది.

తర్వాతి వారం వెళ్లినప్పుడు సలహా ఊసెత్తకుండా, "పొద్దున లేచినప్పటి నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండన్నా" అని అడిగింది. చెప్పాడు. తెల్లారకముందే లేచి టీ తాగి అడ్డాకు పోతాడు. పని దొరికితే పదకొండింటికి తిండి. ఖాళీ కడుపున గోళీలు వేసుకుంటే వికారం, ఆ వికారంతో సిమెంటు బస్తా ఎత్తలేడు, ఎత్తలేకపోతే మేస్త్రీ మర్నాడు పిలవడు. అంతవరకూ చెప్పి కాసేపు ఆగి, లోపల భార్య వింటోందేమో చూసుకుని, అసలు సంగతి చెప్పాడు. మూత్రం ఎర్రగా వస్తోందట. రక్తం పోతోందనుకుని భయపడి గోళీలు ఆపేశాడు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఉంటుంది, దానివల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అందులో ప్రమాదమేమీ లేదు. ఆ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆయన మందులు మానేసేవాడు కాదు.

ఇప్పుడు స్టూడెంట్ చెయ్యాల్సిన పని స్పష్టంగా కనిపిస్తుంది. వికారం సంగతి డాక్టర్‌కు చెప్పి గోళీలు ఎప్పుడు వేసుకోవాలో కనుక్కోవాలి. ఆ సలహా సొంతంగా ఇవ్వకూడదు, అది తన పరిధి కాదు. రంగు మారడం గురించి నర్సు చేతే ఆయనకూ, ఆయన ఒప్పుకుంటే భార్యకూ చెప్పించాలి. టీబీ పేషెంట్ల పోషణకు నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలనెలా డబ్బు వస్తుంది. 2018లో 500 రూపాయలతో మొదలై 2024 నవంబర్ నుంచి 1000 అయింది. ఆ డబ్బు ఆయన ఖాతాలో పడుతోందా, పడకపోతే ఎక్కడ ఆగిందో చూడాలి. మధ్యలో మానేసిన మందులు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టర్ నిర్ణయించాలి. ఇంత పనీ ఎర్రసిరాతో గీసిన ఒక గీత వల్ల బయటికొచ్చింది.

ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన కేస్ వర్క్ సూత్రాలు ఏడు. ప్రతి స్టూడెంటూ వాటిని కంఠతా పట్టి పరీక్షలో రాస్తారు. మనిషి మీద తీర్పులు చెప్పకూడదు, నిర్ణయం క్లయింట్‌దే, చెప్పిన మాట గుట్టుగా ఉంచాలి లాంటివి. పైన చెప్పిన ఇంట్లో వాటి అర్థం ఇది: "మందులు మానేసింది మీ తప్పే కదా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగెయ్యడం. భార్య వినకూడదని ఆయన గొంతు తగ్గించినప్పుడు మనమూ తగ్గించడం. వినడానికి చిన్న విషయాలే. సరిదిద్దేవాళ్లు లేకుండా అలవడవు.

ఊరి స్థాయి పనిలోనూ ఇదే జరుగుతుంది. ఎంఎస్‌డబ్ల్యూలో వారం పది రోజుల రూరల్ క్యాంప్ ఉంటుంది. అందులో స్టూడెంట్లకు బాగా నచ్చే పని సోషల్ మ్యాప్. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, ముగ్గుపిండితో, రంగులతో ఊరివాళ్ల చేతే ఊరి పటం గీయించడం. రోడ్లు, గుడి, బడి, చెరువు, బోర్లు అన్నీ వస్తాయి. ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ రచ్చబండ దగ్గరకు ఎవరొచ్చారన్నదే ఆ పటాన్ని నిర్ణయిస్తుంది. పెద్దకులాల మగవాళ్లు గీసిన పటంలో ఎస్సీ కాలనీ ఒక మూలన నాలుగు చుక్కలుగా మిగులుతుంది. అదే పటాన్ని సాయంత్రం కూలి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల చేత కాలనీలో గీయిస్తే, పాడైపోయిన చేతిపంపు, చీకట్లో భయపడుతూ దాటాల్సిన దారి, వానొస్తే నీళ్లు నిలిచే సందు కనిపిస్తాయి. రెండు పటాలూ గీయించాలని చెప్పే మాస్టారు ఉన్న క్యాంప్ వేరు, మొదటి పటం దగ్గర గ్రూప్ ఫొటో దిగి బస్సెక్కే క్యాంప్ వేరు.

బాధపడి చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దగ్గర చాలాచోట్ల ఫీల్డ్ వర్క్ సంతకాల తంతుగా మారిపోయింది. ఏజెన్సీకి వెళ్తే అక్కడ చూసేవాళ్లుండరు, ఫైళ్లు సర్దమనో, అటెండెన్స్ ఎక్కించమనో అంటారు. కాలేజీలో ఒక్కో సూపర్‌వైజర్ మీద ఇంతమంది అని లెక్కాపత్రం ఉండదు. గెస్ట్ ఫ్యాకల్టీలు సెమిస్టర్‌కొకరు మారుతుంటారు. సీనియర్ రికార్డ్ జూనియర్ చేతికి వస్తుంది, తేదీలు మారతాయి, అదే "అవగాహన కల్పించాను" మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వైవా రోజున ఆ లావుపాటి రికార్డ్‌ని ఎవరూ తెరవరు. అలా బయటికొచ్చిన పిల్లలది తప్పని నేననను. వాళ్లకు ఐసీ అంటే ఏమిటో ఎవరూ చూపించలేదు. కానీ నష్టం వాళ్లకే, ఆ తర్వాత వాళ్ల చేతుల్లో పడే మనుషులకు.

ఇక స్పెషలైజేషన్, ఉద్యోగాల సంగతి. హెచ్‌ఆర్ గురించి సూటిగా చెప్పాలంటే, వస్తుంది, కానీ ఎంబీఏ వాళ్లతో పోటీపడాలి. జీతాల పట్టికలు, రిక్రూట్‌మెంట్ మాత్రమే ఇష్టమైతే ఎంబీఏనే దగ్గరి దారి. ఫ్యాక్టరీలో కార్మికుల క్యాంటీన్, క్రెష్, ప్రమాదాలు, తగాదాలు, కార్మిక చట్టాలు ఇవి మీ పని అనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ బలం అక్కడ పనికొస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సిన పరిమితిని 500 నుంచి 250 మంది కార్మికులకు తగ్గించింది. పరిశ్రమలున్న ప్రాంతాల పిల్లలు ఈ మార్పును గమనించాలి.

పిల్లల రంగం చట్టంలోంచి వచ్చినదానికి మంచి ఉదాహరణ. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్‌తోపాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలి, వాళ్లలో ఒకరైనా మహిళ అయ్యుండాలి. ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ కమిటీ, బాలల సంరక్షణ యూనిట్ ఉండాలి. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లాడి గురించి బోర్డు ముందుకు సామాజిక దర్యాప్తు నివేదిక వెళ్లాలి. ఆ నివేదికలో "తండ్రి తాగుబోతు, కుటుంబ వాతావరణం బాలేదు" అని ఒక లైను రాసి వదిలేస్తే, ఆ పిల్లాడు ఇంటికెళ్లాలా హోమ్‌లో ఉండాలా అన్నది ఆ లైను మీద ఆధారపడుతుంది. రికార్డ్ రాయడం గురించి ఇంత గట్టిగా చెప్పేది అందుకే. 1098 చైల్డ్‌లైన్ కూడా 1996లో టిస్ ఫీల్డ్ ప్రాజెక్టుగా ముంబైలో మొదలైందే.

మెడికల్, సైకియాట్రిక్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లు ఒక చిక్కు తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు. ఆ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ చెయ్యాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ అందుకు పేరున్న చోటు. ఈలోగా యూజీసీ 2022లో ఎంఫిల్ డిగ్రీనే ఎత్తేసింది. చట్టం అడిగే డిగ్రీని యూజీసీ లేదంటే ఎలా అన్న గొడవ వచ్చి, క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 వరకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు పాత సీనియర్ల మాట నమ్ముకోకుండా తాజా నోటిఫికేషన్ చూసుకుని అడుగెయ్యాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టు సోషల్ వర్క్ మొత్తానికీ ఒక కౌన్సిల్ మన దేశంలో లేదు. అందుకే ఎవరైనా "సోషల్ వర్కర్" బోర్డు పెట్టుకోగలుగుతున్నారు. అవయవదానం కోఆర్డినేటర్ పోస్టు కూడా ఈ చదువుకు దగ్గరిదే. 2014 అవయవమార్పిడి నియమాల్లో ఆ పోస్టుకు ఎంఎస్‌డబ్ల్యూ ఉంటే మేలని రాశారు. బ్రెయిన్ డెత్ అని విన్న కుటుంబం ఎదుట కూర్చుని ఆ సంగతి ఎత్తడం ఎంత కష్టమో ఊహించండి. కేస్ వర్క్ సరిగ్గా నేర్చుకున్నవాళ్లకే అది చేతనవుతుంది.

సీఎస్‌ఆర్ ఉద్యోగాలూ చట్టం తెచ్చినవే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద కంపెనీలను సగటు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టమంది. అక్కడ రిపోర్టులు రాయడం, బడ్జెట్ చూడటం, ఎక్సెల్ అన్నీ రావాలి. జీతం మిగతావాటికంటే మెరుగ్గా ఉంటుంది.

జీతాల గురించి దాచి ప్రయోజనం లేదు. ప్రభుత్వ పథకాల్లో సోషల్ వర్కర్, కౌన్సెలర్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. గ్రాంటు ఆలస్యమైతే జీతమూ ఆలస్యం. ఇంట్లో పరిస్థితి చూసుకుని, ఆ టెన్షన్ తట్టుకోగలరో లేదో ముందే ఆలోచించుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు మహిళా శిశు సంక్షేమ శాఖ నోటిఫికేషన్లు, టీచింగ్ ఇష్టమైతే యూజీసీ నెట్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

సీటు సంగతి తేలికే. ఏ డిగ్రీ చేసినా ఎక్కువచోట్ల అర్హత ఉంటుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, టిస్ లాంటివాటికి సీయూఈటీ పీజీ ప్రవేశపరీక్ష రాయాలి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, అందులోనూ ఫీల్డ్ వర్క్ చెయ్యాల్సిందే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, గుంటూరు దగ్గర నాగార్జున, తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, రోడా మిస్త్రీ కాలేజీ, మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ), వరంగల్‌లో కాకతీయ, ఇలా చదువుకోవడానికి చోట్లు చాలానే ఉన్నాయి.

కాలేజీకి వెళ్లి చూసేటప్పుడు బిల్డింగ్, హాస్టల్ చూసి వచ్చెయ్యకండి. సెకండియర్ వాళ్లను పట్టుకుని అడగండి: ఫీల్డ్‌కి వారానికి ఎన్ని రోజులు పంపుతారు? ఏజెన్సీలో మీతో కూర్చునేవాళ్లు ఉన్నారా? మీ చివరి ఐసీ ఎప్పుడు జరిగింది? వీలైతే ఒక రికార్డ్ తెరిచి చూపించమనండి, క్లయింట్ పేరున్న పేజీలు తప్ప. పేజీల మీద సూపర్‌వైజర్ రాసిన ప్రశ్నలు కనిపిస్తే ఆ కాలేజీ మంచిది, ఫ్యాన్లు సరిగ్గా తిరగకపోయినా సరే. ప్రతి పేజీ కిందా టిక్కూ, సంతకమూ తప్ప ఇంకేమీ లేకపోతే ఇంకోచోట చూసుకోండి. చేరిపోయాక సంగతి తెలిసినా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఏజెన్సీలో అనుభవమున్న నర్సో, కౌన్సెలరో, అంగన్‌వాడీ సూపర్‌వైజరో ఉంటారు. వారానికి అరగంట నా రికార్డ్ చూడండి మేడమ్ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. అమెరికాలో గుర్తింపు పొందిన ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ ఉండాలి. అక్కడ లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మన డిగ్రీని బయటి దేశంలో చూపించినప్పుడు వాళ్లు తరచి అడిగేది మార్కుల గురించి కాదు, సూపర్‌వైజర్ కింద ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరితో పనిచేశారన్నదే. కాబట్టి ప్రతి సెమిస్టర్ అయిన వెంటనే ఏజెన్సీ పేరు, తేదీలు, గంటలు, సూపర్‌వైజర్ హోదా ఉన్న లెటర్‌ని లెటర్‌హెడ్ మీద తీసుకుని పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత వెళ్తే ఆ సూపర్‌వైజర్ బదిలీ అయిపోయి ఉంటారు, ఎన్జీవో ఆ ప్రాజెక్టు మూసేసి ఉంటుంది, కాలేజీలో మీ రికార్డ్ ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్లుండరు.